వింతల బాటలో వెంట్రుక నిక్కని బాటసారి

“అడ్డుకర్ర లేవదు సెట్టీ! ఇంకోసారి చూడు, బాగా కళ్లు విప్పి చూడు!” అని గద్దించాడు భీమపాడు ఊరి వింతకు కాపలా ఉండే వింతకాపు.

మేఘకేతు మళ్లీ చూశాడు. బాట పక్కన తాటాకు పందిరి కింద పడవంత చెప్పు ఒకటి ఉంది. దాని అడుక్కి ఎన్ని తోళ్లు పట్టాయో చెప్పలేం. తోలు పట్టీ ఒక్కొక్కటీ ఏనుగును కట్టే మోకంత లావు. మడమ దగ్గరి గుంటలో ఊరి కుక్క ఒకటి పిల్లల్ని వేసుకుని హాయిగా పడుకుంది. పూర్వం ఒక రాక్షసుడు ఈ దారిన పోతూ బురదలో దిగబడి ఎడమకాలి చెప్పు ఇక్కడ వదిలేశాడని భీమపాడువారు చెబుతారు. కుడికాలిది తమ దగ్గర ఉందని పై ఊరివారు చెబుతారు. రెండూ ఒకే కాలివని తెలిసినవాళ్లు చెబుతారు గాని, వాళ్లను ఈ రెండూళ్లలోనూ ఎవరూ భోజనానికి పిలవరు.

“చూశాను. పెద్దదిగానే ఉంది,” అన్నాడు మేఘకేతు.

వింతకాపు అతని ముంజేయి పట్టుకుని ఎండకెత్తి, కంసాలి బంగారాన్ని చూసినట్టు చూశాడు. ఒక్క వెంట్రుకైనా లేచి నిలబడలేదు. అన్నీ గాలి లేని నాటి వరిచేనులా పడుకుని ఉన్నాయి. పాపం, వింతకాపు మొహం మాడిపోయింది.

పాలకంచి నుంచి అమృతరేవుకు పోయే ఈ బాట సంగతి తెలియనివారికి కాస్త చెప్పాలి. ఆ మైదానంలో కొండ లేదు, కోన లేదు, కంటికి ఆనే చెట్టయినా లేదు. బండివాళ్లు కునికేవారు, బాటసారులు కునికేవారు, ఎడ్లు కూడా నడుస్తూనే కునికేవి. ఒకనాడు విస్మయవర్మ మహారాజు రథమే నిద్రలో గుంటలోకి దిగిపోయింది. రాజుగారు కిరీటానికి అంటిన బురద తుడుచుకుంటూ గుంటలో నిలబడే శాసనం చేశాడు. బాట పొడుగునా ప్రతి ఊరూ ఒక వింతను నిలపాలి. దాన్ని చూసి బాటసారి ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేదాకా అడ్డుకర్ర ఎత్తకూడదు. మూడుసార్లు చూపించినా వెంట్రుక లేవకపోతే, వాడి ఎడ్లను విప్పేసి, వింతకాపు కర్ర వాడి చేతికే ఇవ్వాలి. ఒళ్లు జలదరించేదాకా వచ్చేపోయే వారికి వాడే ఆ వింతను చూపిస్తూ అక్కడే పడి ఉండాలి. రాజులు పోయారు, వంశాలు మారాయి, శాసనం మాత్రం నిలిచింది. ఆ ఊళ్లవాళ్లు ఆలుబిడ్డలనైనా మరిచిపోతారు గాని ముంజేయి చూడడం మరిచిపోరు.

అలాంటి బాట మీదికి మణికుండల రాజ్యపు రాకుమారుడు మేఘకేతు తమలపాకుల సెట్టి వేషంలో వచ్చాడు. రావడం దాకా బాగానే ఉంది. అతని ఒళ్లే మొద్దుబారి ఉంది.

అది ఎలా జరిగిందంటే, అతని చెల్లెలు తారావళిని ధూమ్రకేశి అనే మంత్రగత్తె ఎత్తుకుపోయింది. ఆ మాయలాడి శక్తి అంతా కుడిచేతి చిటికెలో ఉంది. ఒక్క చిటికె వేసి పిల్లను పాలరాయిని చేసేసింది. చెల్లెల్ని వెతుకుతూ మేఘకేతు మంత్రగత్తె కోట దాకా పోతే చుట్టూ అగ్ని కందకం. కొండగుహలోని యోగిని ఒకామె మొద్దుతీగ పసరు తాగించింది. దానితో నిప్పు అతన్ని కాల్చలేదు. ఈత కొట్టి అవతలికి పోయాడు. కోట ఖాళీ. తారావళిని వింతల బాటలో ఏదో ఊరికి వింతగా ఇచ్చేశారని పంజరంలోని గోరువంక చెప్పింది. వచ్చే అమావాస్యనాడు పొద్దు గుంకేలోగా తోబుట్టువు కన్నీటి బొట్టు ఒక్కటి ఆ రాతి పాదాల మీద పడితే పిల్ల లేచి వస్తుందని, పొద్దు గుంకితే ఎప్పటికీ రాయేనని కూడా అదే చెప్పింది.

ఒక్క బొట్టు! ఎంత పని? కాని మొద్దుతీగ ఒంటిని మాత్రమే మొద్దు చేసి ఊరుకోలేదు, గుండెను కూడా మొద్దు చేసింది. అది ఎప్పుడు విడుస్తుందో యోగినికే తెలియదు. మేఘకేతుకు ఆకలి లేదు, దాహం లేదు, భయం లేదు. చెల్లెలి పేరు తలుచుకుంటే పేరు గుర్తొస్తుంది, అంతే. బయల్దేరినప్పుడు వెళ్లాలనుకున్నాడు కనుక వెళుతున్నాడు.

“కాపుగారూ, మా సెట్టిగారికి పొద్దున్నుంచీ కడుపులో బాగాలేదండీ,” అంటూ అడ్డం వచ్చాడు, అతని గుట్టు తెలిసిన బండివాడు లింగోజి. “అట్టా తుప్పల్లోకి తీసుకెళ్లి ఇట్టా తీసుకొస్తా. అప్పుడు చూపించండి, ఎందుకు లేవవో నేనూ చూస్తా.”

లింగోజి ఈ బాట మీద బండి తోలి తోలి గడ్డం నెరిసినవాడు. చెప్పును ఎన్నిసార్లు చూశాడో అన్నిసార్లూ “ఔరా!” అని నోరు తెరిచినవాడు. ఇందాక కూడా అతని చేతి వెంట్రుకలు చెప్పు కనబడకముందే లేచి నిలబడ్డాయి.

తుప్పల చాటుకు పోయాక అతను ముందు ఉల్లిపాయ తీసి మేఘకేతు కళ్ల ముందు చితక్కొట్టాడు. లింగోజి కళ్లు కారాయి, ముక్కు కారింది. మేఘకేతు కళ్లు పొడిగా ఉన్నాయి.

“దీనికే కారకపోతే రేపు చెల్లెమ్మగారి కాళ్ల మీద ఏం కారుస్తారు దొరా?”

“తెలియదు.”

“బాధగా లేదా?”

“లేదు లింగోజీ.”

లింగోజి దగ్గర్లో మేస్తున్న మేక వీపున గుప్పెడు వెంట్రుకలు కత్తిరించాడు. తుమ్మబంక నమిలి మెత్తగా చేసి, రాకుమారుడి ముంజేతి మీద ఆ వెంట్రుకల్ని ఒక్కొక్కటే నిలబెట్టి అంటించాడు. పైన నూనె చేత్తో దువ్వి పడుకోబెట్టాడు.

“చూడండి దొరా. వింత చూపించగానే బొటనవేలితో కింద నుంచి పైకి ఒక్క తోపు తోయండి. లేచి కూర్చుంటయ్యి. అప్పుడు ‘ఔరా’ అనండి. ఏదీ, ఒకసారి అనండి?”

“ఔరా,” అన్నాడు మేఘకేతు.

“పప్పులో ఉప్పు లేదన్నట్టు అన్నారు. పోన్లెండి, వెంట్రుకలు చూసేవాడు గొంతు పట్టించుకోడు.”

నిజంగానే పట్టించుకోలేదు. భీమపాడు అడ్డుకర్ర లేచింది. వింతకాపు ఆనందం పట్టలేక చెంబెడు మజ్జిగ కూడా పోశాడు.

అక్కడి నుంచి బండి పరుగు అందుకుంది. మాటలబావి అనే ఊళ్లో అడగకముందే జవాబు చెప్పే బావి ఉంది. లోపల గూట్లో ముసలాయన ఒకడు తరతరాల హక్కుతో కూర్చుని ఉంటాడని లోకమంతటికీ తెలుసు. ఆ రోజు బావికి జలుబు చేసింది. “నువ్వు వెతికేది దొరుకుతుంది,” అని గంభీరంగా పలికి, వెంటనే తుమ్మింది. లింగోజి చేతులు జోడించాడు. మేఘకేతు బొటనవేలితో తోశాడు. అడ్డుకర్ర లేచింది. ఆ పై ఊళ్లో, పంచ కట్టుకుని అతిథులకు ఎదురొచ్చి తలవంచే కోడిపుంజు. ఆ పై ఊళ్లో, ఊరంతా కలిసి ఏడాదికొక్క గింజ మాత్రమే దంచే మిద్దెంత రోలు. తోశాడు, లేచింది. తోశాడు, లేచింది. దారి పొడుగునా జనం ఒక రోలునూ కోడినీ పట్టుకుని ఎంత పండగ చేసుకుంటున్నారో చూస్తూ, ఏదో అద్దానికి అవతల ఉన్నట్టు మేఘకేతు బండిలో కూర్చున్నాడు.

అమావాస్యనాటి ఉదయం ఎదురువాగు అడ్డొచ్చింది. పల్లం నుంచి మెరకకు పారే ఆ వాగే అక్కడి వింత. వింత కదా అని అది ఊరుకోలేదు. బండి సగం దాటేసరికి కింది నుంచి పైకి వరద ఎగదన్నింది. ఎడ్లు మునిగాయి. తమలపాకుల బుట్టలు తేలి మెరకవైపు కొట్టుకుపోయాయి. “దొరా!” అన్న లింగోజి కేక కూడా నీళ్లలో మునిగింది. మేఘకేతు తొందరపడకుండా దూకాడు. ఒక చేత్తో కాడి పట్టుకుని, ఇంకో చేత్తో లింగోజి జుట్టు పట్టుకుని, రాయి తగిలి మోకాలు చిట్లినా తెలియక, మనిషినీ బండినీ కలిపి ఒడ్డుకు లాగాడు. ఒడ్డున ఉన్న వింతకాపు వాగును చూడడం మరిచిపోయి ఇతన్ని చూశాడు. ఆ కాపు వెంట్రుకలే నిక్కబొడుచుకున్నాయి. ముంజేయి చూడకుండానే దారి ఇచ్చాడు.

అక్కడే పొరపాటు జరిగిపోయింది. చేతికి పూసిన నూనె వాగులో కొట్టుకుపోయింది. తడిసిన తుమ్మబంక ఎండకు ఎండి రాయిలా బిగుసుకుంది. మేక వెంట్రుకలు నిలబడ్డవి నిలబడ్డట్టే ఉండిపోయాయి. లింగోజి ఎడ్ల ఒళ్లు తుడుస్తూ గమనించలేదు. మేఘకేతు చూశాడు గాని, చూసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం తిరిగాక ముంతలపూడి చేరారు. ఆ ఊరి పాత వింత మనిషి మొహంలాంటి గుమ్మడికాయ. ఏటా కుళ్లిపోయేది, ఏటా బాటసారులు నవ్వేవారు, ఊరివాళ్లు తల ఎత్తుకోలేకపోయేవారు. ఈ ఏడు ఎవరో పుణ్యాత్మురాలు వచ్చి కొత్త వింతను దానం చేసిందట. పట్టుతెర ముందు వింతకాపు కర్ర పట్టుకుని ఓబులవ్వ నిలబడి ఉంది. ఊరి జనం అరుగుల మీద కూర్చుని ఉన్నారు.

“రా నాయనా, చెయ్యి చాపు. ముందు తెర తీస్తా,” అంటూనే అవ్వ ఆగిపోయింది. “ఇదేంది? తెర తియ్యకముందే లేచి కూర్చున్నయ్యేం?”

 అవ్వ రెండు వేళ్లతో పట్టి లాగింది. కుచ్చు మొత్తం ఊడి వచ్చింది. వాసన చూసింది.

“మేక!”

అరుగుల మీది జనం ఒక్కసారిగా లేచారు. కర్రలు లేచాయి. “గుమ్మడికాయను చూసి నవ్వారు, సరే. ఈ బంగారుతల్లి ముందుకు కూడా మేకబొచ్చు అతికించుకుని వస్తారా?” అని ఒకడు పళ్లు కొరికాడు. అవ్వ చెయ్యెత్తి అందర్నీ ఆపి, తెర లాగింది.

ఏం చెప్పమంటారు ఆ రూపాన్ని! వెన్నెలను గడ్డకట్టించి చెక్కినట్టున్న పాలరాతి పడుచు. పాదాల గోళ్లు ముత్యాల వరుస. నడుము దగ్గర చీర ముడత కూడా గాలికి కదిలి ఆగినట్టే ఉంది. ఒళ్లంతా రాయి, జడ మాత్రం ప్రాణంతో ఉంది. నల్లగా, నూనె మిసమిసతో, మొగలిరేకు ముడిచి, పాదాల దాకా దిగి నేల మీద చుట్టలు చుట్టుకుంది. రోజూ బెత్తెడు పెరిగేదట. అవ్వ తన మనవరాలికి అల్లినట్టు రోజూ తలంటి అల్లేదట. కాని ఇవాళ కొస నుంచి తెల్లదనం పైకి పాకుతోంది. చుట్టలన్నీ అప్పటికే రాయి. మెడ దగ్గర మూరెడు మాత్రమే నల్లగా మిగిలింది.

“పొద్దున్నుంచి ఇట్టా అవుతుంది నాయనా,” అంది అవ్వ గొంతు తగ్గించి. “దువ్వెన దిగట్లేదు. నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు.”

మేఘకేతు చూశాడు. తారావళే. ఎడమ కనుబొమ మీద చిన్నప్పుడు ఉయ్యాల తగిలిన గాటు కూడా ఉంది. ఆ ఉయ్యాల ఊపింది తనే. అదంతా తెలుసు. తెలియడం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

అవ్వ అతని ముంజేయి చూసింది. తెర వేసి మళ్లీ తీసింది. చూసింది. మూడోసారి కూడా తీసింది.

“అవ్వా, ఆ పిల్ల ఈయన సొంత చెల్లెలు!” అని లింగోజి భోరుమన్నాడు. వేషం సంగతి, మంత్రగత్తె సంగతి అన్నీ ఏడుస్తూనే కక్కేశాడు. ఏడుస్తూ ఏడుస్తూ రాతి పాదాల మీద పడ్డాడు. కన్నీళ్లు కాలువ కట్టాయి గాని ఏం లాభం, అతను తోబుట్టువు కాడు.

అవ్వ అంతా విని మేఘకేతు మొహంలోకి చూసింది.

“చెల్లెలైతే ఒక్క వెంట్రుకైనా లేవలేదేం నాయనా?”

 ఈ మాటకు ఎవరికైనా చచ్చిపోవాలనిపించాలి అనుకున్నాడు మేఘకేతు. అనుకోవడమే గాని అనిపించలేదు. ఇదివరకు తన మీదికి కత్తులతో వచ్చినవాళ్లు ఎవరూ ఇంత దెబ్బ కొట్టలేదని మాత్రం లెక్క ప్రకారం అర్థమైంది.

“కట్టుబాటు కట్టుబాటే. ఈమెలో ఏముందో చూడలేకపోయావు, నలుగురికీ చూపిస్తేనన్నా తెలుస్తుందేమో,” అంటూ అవ్వ తన కర్ర అతని చేతిలో పెట్టి, కళ్లొత్తుకుంటూ అరుగెక్కి కూర్చుంది. ఎడ్లను విప్పి కొట్టానికి తోలుకుపోయారు.

అలా మణికుండల రాకుమారుడు తన చెల్లెలికి తనే వింతకాపు అయ్యాడు. పొద్దు వాలుతోంది. జడలో నలుపు జానెడైంది.

“కేకెయ్యి నాయనా,” అని అవ్వ అరుగు మీది నుంచి అదిలించింది.

“రండి. చూడండి. రాతి పడుచు. జడ పెరుగుతుంది,” అన్నాడు మేఘకేతు.

ఆ కేకకు జవాబన్నట్టు బాట మలుపులో పల్లకీ ఒకటి కనిపించింది. దంతపు కొమ్ములు, నెమలికన్నుల తెరలు, ముందొక గంట. లోపల నుంచి పండుముత్తైదువ ఒకావిడ దిగింది. పసుపు రాసిన పాదాలు, బొడ్డున దోపిన బంగారు కత్తెర. పల్లకీ మోసిన బోయీల అడుగులు దుమ్ములో పడలేదు. ఆశ్చర్యపోవలసిన సంగతే, అతను ఆశ్చర్యపోలేదు.

“అమ్మ వచ్చింది! దానమిచ్చిన తల్లి!” అని, లింగోజి చెప్పిన మంత్రగత్తె కథ నమ్మని జనం లేచి దండాలు పెట్టారు.

“సంతోషం నాయనలారా. పొద్దు గుంకేలోగా ఆ జడ కోసుకుపోదామని వచ్చా. మొక్కుబడి ఉంది,” అంది ఆమె తియ్యగా. “అడ్డుకర్ర తియ్యి అబ్బీ.”

“చెయ్యి చాపండి,” అన్నాడు మేఘకేతు.

“నాకెందుకయ్యా? ఇచ్చిందాన్నే నేను.”

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఓబులవ్వ అరుగు దిగొచ్చి, “అదేం మాటమ్మా! విస్మయవర్మ మహారాజే తన శాసనానికి తను చెయ్యి చాపాడంట. చాపండి, ఒక్క క్షణం పని,” అంది.

ముత్తైదువ నవ్వుతూ కుడిచెయ్యి చాపింది. మేఘకేతు మణికట్టు పట్టుకున్నాడు. తెర లాగాడు. ఊరి జనం ఎప్పటిలాగే “ఔరా!” అన్నారు. ఆమె ముంజేతి మీద ఒక్క వెంట్రుక లేవలేదు. మళ్లీ లాగాడు. లేవలేదు. మొద్దుతీగ తాగినవాడు ఇక్కడ తను ఒక్కడే. ఇక ఈ రూపం చూసి ఆశ్చర్యపడనిది దీన్ని చేసినవాళ్లే అయి ఉండాలి. ఈ లెక్క వెయ్యడానికి గుండెతో పని లేదు.

“ధూమ్రకేశీ,” అన్నాడు.

పసుపూ కుంకుమా ఒక్కసారిగా పొగలా లేచిపోయాయి. మాసిన జడలు, గవ్వల్లాంటి కళ్లు బయటపడ్డాయి. బోయీలు గాలిలో కరిగిపోయారు. జనం కెవ్వున వెనక్కి తగ్గారు. చిటికె వెయ్యాలని ఆమె వేళ్లు గిలగిల కొట్టుకున్నాయి. మేఘకేతు రెండో చేత్తో ఆ వేళ్లను కూడా కలిపి బిగించాడు.

“వదులు!” అని బుసకొట్టిందామె. చెయ్యి కొలిమిలో ఇనుములా ఎర్రబడింది. పట్టుకున్న అరచేతుల నుంచి పొగ లేచింది. “కాలిపోతున్నావురా మూర్ఖుడా! తెలియడం లేదా?”

“కాలుతున్నానేమో. వాసన వస్తోంది.”

“దొరా, పొద్దు!” అని లింగోజి అరిచాడు. సూర్యుడు మైదానం అంచున ఆనాడు. జడలో నలుపు రెండు వేళ్లంత మిగిలింది. ఓబులవ్వ రాతి మెడను కావలించుకుని, ఆ మిగిలిన నలుపును గుప్పిట్లో దాచి, “పోకే తల్లీ, పోకే,” అని గోల పెడుతోంది.

మేఘకేతు ఆ ముసలిదాని వంక చూశాడు. ఏ చుట్టరికమూ లేని మనిషి. అతని చిటికెన వేలి కొసన చీమ కుట్టినట్టయింది. ఏమిటా అనుకున్నాడు. పక్కవేలికి పాకింది. అరచేయి మధ్యలో నిప్పుకణిక పెట్టి నొక్కినట్టు భగ్గుమంది.

“అబ్బా!” అన్నాడు.

“ఏమన్నారు దొరా? ఇంకోసారి అనండి!” లింగోజి ఎగిరి గంతేశాడు. అంతలోనే ఆ మాటకు అర్థం తెలిసి అతని మొహం పాలిపోయింది.

ధూమ్రకేశికి కూడా తెలిసింది. ఆమె పెదవులు విచ్చుకున్నాయి. “వచ్చిందా స్పృహ? ఇప్పుడు పట్టుకో చూద్దాం,” అంటూ చేతిని ఇంకా ఎర్రగా మండించింది.

నొప్పి మోచేతుల దాకా ఎక్కింది.  వదిలితే చిటికె పడుతుంది, ఊరంతా రాయి అవుతుంది. కళ్లలో నీరు నిండింది గాని ఇంకా జారలేదు. చెల్లెలి పాదాలు వీపు వెనక రెండడుగుల దూరంలో ఉన్నాయి. మేఘకేతు పళ్లు బిగించి, గొంతు చించుకుని “తారా!” అని అరుస్తూ, మండుతున్న ఆ చెయ్యిని వదలకుండానే, మంత్రగత్తెను తనతోపాటు ఈడ్చుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగుకు ముంజేతి వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి, తల తిప్పిన అతని కంటి నుంచి జారిన బొట్టు రాతి పాదం మీద పడగానే ఓబులవ్వ గుప్పిట్లోని నలుపు కిందికి పాకింది.